తెర కింది కాళ్ళు

మొన్న పటాన్‌చెరులో మనవరాలి బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. జిగేలుమనే లంగా కట్టి, చెంపకు మైకు తగిలించుకుని పిల్ల స్టేజీ మీద పాడుతుంటే మురిసిపోతున్నానా, ఇంతలో కరెంటు పోయింది. దాంతో పాట కూడా ఆగిపోయింది, సాయంత్రపు వెలుగులో పిల్ల పెదవులు మాత్రం చప్పుడు లేకుండా ఆడుతూనే ఉన్నాయి. పాట పెట్టెలో వేసిన రికార్డుదట. జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది, పసిదాని మీద కాదు, డెబ్బైల నాటి మా మేనబావ మీద.

అప్పట్లో సంగారెడ్డిలో మాది పప్పులూ నూనెల దుకాణం. మా వెనక గదిలో కిరాయికి ఉండే ఫిట్టరు బాబాయి కోస్తా నుంచి కొత్త ఫ్యాక్టరీలో పనికి వచ్చినవాడు. పగలంతా ఇనుము, సాయంత్రమైతే హార్మోనియం. ఒక ఏడు వినాయక చవితి పందిట్లో ఆడడానికి, రాజులూ రాక్షసులూ వద్దని, మా ఈడు పిల్లల కథనే పాటల నాటకంగా కట్టాడు. తోటివాళ్ళంతా ఫ్యాక్టరీ కూత విని పుస్తకాలు పారేస్తుంటే, నేను చదువుకుంటానని తండ్రికి ఎదురు నిలిచి పాడే పిల్ల కథ అది. ఆ పిల్ల పాటలన్నీ నావే. నేను సంగారెడ్డిలో గొంతెత్తితే కంది ఊరి రోడ్డు మీద ఎడ్లు నడక ఆపేవి. నమ్మకపోతే ఆ ఎడ్లనే అడగండి.

షావుకారు ఇంటి పిల్ల స్టేజీ ఎక్కడమేమిటని నాయన గుడ్లురిమాడు. బాబాయి బతిమాలగా బతిమాలగా, తెర వెనక నిలబడి పాడవచ్చన్నాడు. ముందర నా లంగాఓణీ కట్టుకుని, అప్పుడే మొలిచిన మీసం గీయించుకుని, పెదవులాడించేది మేనబావ. ఆఖరున తెర తీసి, పాడింది ఈ పిల్లేనని ఊరికి చూపించాలని నేనూ మొండికేశాను. నాయన మూలుగుతూ ఊకొట్టాడు. తెర తానే తీస్తానని బావ నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ ఒక్క క్షణం కోసం వానాకాలమంతా గొంతు అరగదీశాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పాట నచ్చితే జనం వన్స్ మోర్ అని అరిచేవారు, నాటకం ఎక్కడున్నా ఆపి మళ్ళీ పాడవలసిందే. తండ్రికి ఎదురు నిలిచే పాటకు పందిరి అదిరిపోయింది, మళ్ళీ పాడాను. అంతలో ఊరి పెద్దమనిషి ఒకాయన స్టేజీ ఎక్కి, ఏం గొంతు బిడ్డా నీది అంటూ బావకు శాలువ కప్పాడు. నోరు విప్పితే గుట్టు బయటపడుతుంది గనక మా వాడు సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాడు.

నేను మైకుకు దూరంగా జరిగి, తెర చాటు నుంచి గుసగుసగా బావకు ఒట్టు గుర్తుచేశాను. “ఏం ఒట్టు పిల్లా? శాలువ కప్పినంక చెప్తే నా ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు.

మళ్ళీ వన్స్ మోర్. హార్మోనియం ఎత్తుకుంది. నేను నోరు మూసుకున్నాను. బావ చేతులు చాచి పెదవులాడించాడు, చప్పుడు లేదు. బాబాయి అదే వరస తిప్పి తిప్పి వాయించాడు, అయినా లేదు. బావ వయ్యారంగా తెర దాకా వెనక్కి నడిచి, “పాడవే, నీ కాళ్ళు మొక్కుత, జెర పాడు!” అన్నాడు.

“శాలువ కప్పుకున్నోనివి నువ్వే గద బావా! ఇగ నువ్వే పాడుకో!”

నా ఎదురుగా మైకుంది. ఆ మాట గుంజలకు కట్టిన లౌడ్‌స్పీకర్లన్నిటిలోంచీ ఊరి మీద పడింది. “అరే, గిది షావుకారు బిడ్డ గొంతేర!” అని ఎవరో అరవగానే పందిరి పగలబడి నవ్వింది. తెర తీయనే లేదు. నాయన వచ్చి రెక్క పట్టుకుని వెనక దారిన తీసుకుపోయాడు. బాబాయిని గది ఖాళీ చేయించారు. హార్మోనియం బాబాయితో పటేల్‌గూడకు పోయింది, నా పాట పప్పు బస్తాల కింద పడిపోయింది.

శాలువ కప్పినప్పుడు తీసిన ఫోటో నేటికీ బావ ముందు గదిలో వేలాడుతోంది. ఒట్టు తప్పినవాడికి శాలువా మిగిలింది, ఫోటోకు అద్దమూ మిగిలింది. అందులో తెర అంచు కింద పట్టగొలుసుల కాళ్ళు రెండు కనిపిస్తాయి. అవెవరివని మనవలు అడిగితే, తెర లాగే పోరనివని చెబుతాడట. పట్టగొలుసులు పెట్టుకున్న పోరడు!

మొన్న కరెంటు వచ్చాక పిల్ల పాట ఎవరూ అడగకుండానే మొదటి నుంచి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు తెర లేదు, ఆడపిల్లను ఆపే నాయన లేడు, వెలుతురంతా పిల్ల ముఖం మీదే ఉంది. అయినా పెదవులే ఆడుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తల వంచుకుని నా కాళ్ళను చూసుకుంటూ కూర్చున్నాను.