విజయ్ పాల్ మాస్టారి పైపుల పరీక్ష

పరీక్ష పాసవకుండా విజయ్ పాల్ మాస్టారి ఇంట్లోకి ఏ వస్తువూ అడుగుపెట్టలేదు. రామచంద్రపురంలో ముప్ఫై నాలుగేళ్ళు సైన్సు చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ, మార్కులు వేసే చెయ్యి మాత్రం రిటైరవలేదు. గొడుగు కొంటే అది షవరు కింద పావుగంట నిలబడాలి. కుర్చీ కొంటే చర్చిలోకెల్లా బరువైన సంఘపెద్దని టీకి పిలిచి దాని మీద కూర్చోబెడతారు. భార్య కృపారాణి చేసే ఉప్మాకి నలభై ఏళ్ళుగా మార్కులు పడుతున్నాయి. ఇప్పటిదాకా డెబ్బై ఒకటి దాటలేదు.

అలాంటి మనిషి ఇంట్లో పైపులు పాడయ్యాయి. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఇనప పైపులు లోపలంతా తుప్పు పట్టి, వంటింటి కుళాయి తిప్పితే నీళ్ళకి బదులు టీ డికాక్షన్ లాంటిది రావడం మొదలైంది. వారం తిరక్కుండా బాత్రూం గోడ కూడా చెమర్చింది. మాస్టారు మేడ మీద ట్యాంకు వాల్వు కట్టేశారు. కృపారాణి పెరట్లో బోరు దగ్గర్నుంచి బకెట్లు మోయడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ళండీ ఈ మోత?"

"ఒక్క వారం కృపా. ఏ పైపు మంచిదో తేలనీ."

ప్లంబరు గణేష్‌బాబు వచ్చి నిలబడే తేల్చేశాడు. "ఆయ్, ఇందులో ఆలోచించడానికేం లేదండి మాస్టారండి. ఇనపదేస్తే మళ్ళీ తుప్పేనండి. మామూలు పీవీసీ చన్నీళ్ళకి బానే ఉంటదండి, గీజరు నీళ్ళు తగిల్తే మెత్తబడిపోద్దండి. సీపీవీసీ అయితే రెంటికీ తట్టుకుంటదండి."

"మరి రాగి?"

"రాగి వేయించారంటే దొంగలు మీ పేరు చెప్పుకుని బతుకుతారండి."

"ఇవన్నీ బట్టీ పట్టిన జవాబులు గణేష్‌బాబూ. ప్రయోగం ఏదీ?" అన్నారు మాస్టారు.

మర్నాటికల్లా నాలుగు రకాల పైపు ముక్కలు హాల్‌టికెట్ నంబర్లతో బట్టల తీగకి వేలాడాయి. మధ్యాహ్నం కోడిగుడ్లు ఉడికిన గిన్నెలోనే అవీ ఉడికాయి. పీవీసీ ముక్క వంకర తిరిగి, ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోయింది. ఒక్క మార్కుతో పోయిందే అని జాలేసి కృపారాణి రీవాల్యుయేషన్ అడిగింది. మాస్టారు ఒప్పుకోలేదు.

తర్వాత రుచి పరీక్ష. ఏ పైపులో నిలవ ఉంచిన నీళ్ళు ఆ గ్లాసులో పోసి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చేతా తాగించారు. పాలవాడు తాగాడు, కరెంటు రీడింగుకొచ్చినతను తాగాడు. ప్రార్థనకి వచ్చిన పాస్టరుగారు నాలుగూ తాగి, "అన్నీ దేవుడిచ్చిన నీళ్ళే కదండీ" అన్నారు. ఆయనకి సున్నా పడింది. ఆ తర్వాత ఆ ఇంటికి దాహంతో ఎవరూ రాలేదు.

వారం అన్నది ఆరు వారాలైంది. సీపీవీసీకి తొంభై రెండొచ్చినా ఫలితాలు మాత్రం రాలేదు.

"ఫస్టు క్లాసు వచ్చింది కదండీ, వేయించెయ్యకూడదా?"

"ఫీల్డ్ టెస్టు జరుగుతోంది కృపా. మూడు వారాలేగా అయింది."

"ఎక్కడ?"

"ఒకచోట," అని మాస్టారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఒకనాడు ఉదయం నిండు బకెట్టుతో వంటింటి మెట్టెక్కుతుంటే కృపారాణి మోకాలు కలుక్కుమంది. బకెట్టు అక్కడే దింపి గణేష్‌బాబుకి ఫోన్ చేసింది. "ఆ టెస్టు ఎవరింట్లోనో చెప్పు. చెప్పకపోతే నీ చేత ఆ నాలుగు గ్లాసులూ తాగిస్తాను."

"అయ్ బాబోయ్! వెనక వీధిలో సూరమ్మగారింట్లోనండి. మున్సిపాలిటీ కుళాయి కనెక్షను తెప్పించి మరీ వేయించారండి."

ఆ టెస్టు ఇవాళతో సరి అనుకుంటూ కృపారాణి కుంటుకుంటూ వెళ్ళింది. ఒంటరి మనిషి సూరమ్మ. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ వరినాట్లకి వెళ్ళింది. మొన్నమొన్నటిదాకా వీధి చివరి కుళాయి నుంచి బిందెలు మోసుకుంది. ఇప్పుడామె పెరట్లో కుళాయి మెరుస్తోంది. పక్క గోడ నిండా సుద్దముక్కతో గీసిన గీతలు.

"కుళాయి ముట్టుకోకండి అమ్మగారండి, పరీక్ష జరుగుతోంది," అంది సూరమ్మ దర్జాగా. "బిందెకో గీతండి. నీళ్ళు రంగు మారితే అడ్డగీతండి. మాస్టారొచ్చి, పరీక్షకి ఇల్లు దొరకట్లేదు, సాయం చెయ్యాలి సూరమ్మా అన్నారండి. పోన్లే పాపం అని ఒప్పుకున్నాను. అవగానే పీకేసి పట్టుకెళ్ళిపోమన్నాననుకోండి. ఊరికే వస్తే నేను నీళ్ళు కూడా తాగనండి."

కృపారాణి కుళాయి మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కిందటేడు చర్చివాళ్ళు కుళాయి వేయిస్తామంటే, "నేనేమన్నా అడుక్కున్నానా?" అని సూరమ్మ వాళ్ళని సందు చివరిదాకా తరిమిందని ఊరంతటికీ తెలుసు. పరీక్ష అయిపోతే ఈ కుళాయీ పోతుంది. అందుకే ఆయన ఫలితాలు బిగబట్టుకు కూర్చున్నారు. కృపారాణికి మొగుడి మీద చచ్చేంత కోపం, అంతకి రెట్టింపు ప్రేమ ఒకేసారి వచ్చాయి. కానీ మోకాలి నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

సరిగ్గా అప్పుడే గీతలు లెక్కపెట్టడానికి ఎర్ర పెన్నుతో వచ్చిన మాస్టారు భార్యని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"రేపు మనింట్లో ఈ పైపే వేయిస్తున్నాం," అంది కృపారాణి.

"మీ ఇంట్లో వేసేస్తే ఇంక పరీక్షెందుకండీ? దీన్ని పీకించేయండి," అంది సూరమ్మ వెంటనే.

మాస్టారు హోంవర్కు చెయ్యని పిల్లాడిలా నేల చూశారు.

"అలా ఎలా పీకుతామండీ సూరమ్మగారూ?" అంది కృపారాణి. "ఈ పైపు యాభై ఏళ్ళు మన్నుతుందని షాపతను అన్నాడు. మాస్టారు ఊరికే నమ్ముతారా? యాభై ఏళ్ళూ చూడాల్సిందే. మా ఇంట్లో చూద్దామంటే నాకు గీతలు గీసే ఓపిక లేదు."

సూరమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. "నాకిప్పుడు డెబ్బై రెండండి. అంటే నూట ఇరవై రెండు దాకానా?"

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని, "మీకంత ఇబ్బందైతే వేరే ఇల్లు చూసుకుంటాం లెండి," అన్నారు.

సూరమ్మకి రోషం వచ్చింది.

"వేరే ఇల్లెందుకండీ? మాటిచ్చాక మధ్యలో పోతే ఏం బాగుంటదండి? ఉంటాను లెండి."