ఓస్గార్ ఊపిరి

మా చిత్తడినేలల్లో పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపల్ని బుట్టలు పెట్టి పట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, ఓస్గార్ లాంటివాడు లేడు. బుట్ట మడుగు అడుగున ఇరుక్కుంటే మిగతావాళ్ళు ఒడ్డు మీంచి కర్రతో పొడిచేవారు. అతను గుండె నిండా గాలి పీల్చి మునిగేవాడు. మేం కంగారుపడేదాకా లోపలే ఉండి, బుట్టతో సహా పైకొచ్చి నవ్వేవాడు. ఆ ఊపిరే అతని కొంప ముంచింది.

కోట దొర ఆవు కనబడకుండా పోయింది. ఆ దొరలు సముద్రం దాటొచ్చి మా నేల పుచ్చుకున్నవాళ్ళు. మా మాట వాళ్ళకు రాదు, వాళ్ళ మాట మాకు రాదు. ఓస్గార్ పడవ దగ్గర ఆవు పలుపుతాడు దొరికింది. ఇంకేం, దొంగ దొరికిపోయాడు! వరదలో కొట్టుకొచ్చిన తాడని అతను మొత్తుకున్నా వినే నాథుడు లేడు. నీళ్ళ పరీక్ష పెడతామన్నారు. పాదిరి మంత్రించిన నీళ్ళలో మునిగితే నిర్దోషి. తేలితే ఆ నీళ్ళు అతన్ని వద్దన్నట్టు, కళ్ళు తీసేస్తారు.

ముందురోజు అతని భార్య మెరెవిన్ మా ఎదుటే పోరుపెట్టింది.

"వినయ్యా, దింపేముందు ఊపిరంతా వదిలెయ్. పొట్ట వీపుకి అంటుకోవాలి."

"మునగడం నాకు నువ్వు చెప్పాలిటే? ఆ నీళ్ళకి నేను అల్లుణ్ణి. మర్యాదగా లోపలికి పిలుస్తాయిలే."

"నీ పరాచికాలు తగలెయ్య! ఊపిరి వదుల్తానని ఒట్టెయ్యి."

"ఒట్టే తల్లీ, ఒట్టు."

పరీక్ష కోసమని చేయించిన ఉపవాసాలతో పీక్కుపోయిన మనిషిని, మోకాళ్ళ కింద చేతులు కట్టేసి, నడుముకు తాడు బిగించి మంత్రించిన నీళ్ళ గుంట దగ్గరకు తెచ్చారు. అంచుల్లో మంచు ఇంకా కరగలేదు. అతను ఊపిరి వదిలాడు, మేమందరం చూశాం. పొట్ట లోపలికి పోయింది. తాడు దింపారు. కాళ్ళకు నీళ్ళు తగిలాయో లేదో, చిన్ననాటి అలవాటు గుండె నిండా గాలి లాగేసుకుంది.

తేలాడు.

"వదిలెయ్యయ్యా! ఊపిరి వదిలెయ్!" అని మెరెవిన్ గొంతు చించుకుంది. అతనికి వినబడలేదు. సాయంత్రానికి కళ్ళు తీసేశారు. అప్పుడతను పెట్టిన కేక గురించి నన్నడగొద్దు.

వేసవిలో వరద తీశాక, రెల్లుదుబ్బుల్లోంచి ఆవు దానంతటదే నడిచొచ్చింది, వెనక దూడతో. మేం కోటకు పరిగెత్తి చెప్పాం. దొర ఏదో అన్నాడు. దుబాసీ మావైపు తిరిగాడు.

"నీళ్ళు అబద్ధమాడవంటున్నారు దొరగారు. ఆవు కాకపోతే ఇంకేదో తీసుంటాడంట."

నోరు మూసుకుని వచ్చేశాను. నాకూ రెండు కళ్ళున్నాయి.

దొర మాటకన్నా ఓస్గార్ మాటే నన్ను ఎక్కువ కాలుస్తోంది. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని, తడుముకుంటూ చేపల బుట్టలు అల్లుతున్నాడు. "ఆవు దొరికిందయ్యా, నీ తప్పేం లేదు, ఊపిరి పీల్చావంతే" అని మెరెవిన్ చెబుతూనే ఉంటుంది. అతను తల అడ్డంగా ఊపుతాడు.

"పాదిరిగారు మంత్రించిన నీళ్ళే అవి. వాటికి తెలీదా? బాగా గుర్తు చేసుకో, నేనెప్పుడైనా ఏమైనా తీశానేమో?"

పాపం, ఈమధ్య ఆమె కూడా ఆలోచించడం మొదలుపెట్టింది.