ఆవకాయ కలిపే చెయ్యి

కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసే రోజులవి. అమెరికాలోని పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుతూ ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఆడపిల్లలం ఉండేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం ఆవకాయ అన్నం కలిపే పని నాది. పెద్ద స్టీలు బేసిన్‌లో వేడన్నం, నెయ్యి, మా అమ్మ పంపిన ఆవకాయ వేసి కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టేదాన్ని. ఆ దేశంలో నా గొప్పంతా ఆ పనిలోనే ఉండేది.

ఒక శనివారం మా ల్యాబ్‌లోని కొరియా అమ్మాయి నన్ను రైలెక్కించి న్యూయార్క్ తీసుకెళ్లింది. ఇరుకు కొరియా హోటల్, ఊగే బల్లలు. గిన్నెలో వేడన్నం, పైన పచ్చి చేప ముక్కలు, సన్నగా తరిగిన కీరా, పక్కన ఎర్రటి మిరప ముద్ద. ఆ ఎరుపు చూసేసరికి చెంచా సంగతే మరిచిపోయాను. చెయ్యి పెట్టి కలిపేశాను. పక్క బల్లలవాళ్లు తినడం ఆపి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. హోటల్ నడిపే పెద్దావిడ వచ్చి, గిన్నెలోకి తొంగిచూసి, ఇంకాస్త మిరప ముద్ద వేసి, చేత్తోనే కానివ్వమని సైగ చేసింది. చల్లటి చేప, వేడన్నం, కారం! ముక్కు కారుతున్నా ఆపలేదు. గిన్నె నాకినంత పనిచేశాను.

ఇంటికొచ్చాక నోరు ఊరుకోక చెప్పేశాను.

"ఛీ, పచ్చి చేపా? పిల్లిలాగా?" అంది నెల్లూరు పిల్ల. చేపల పులుసు చేస్తే తలకాయ కోసం మాతో పోట్లాడే మనిషి.

"రేపు నువ్వు కలపకు. ఆ చేత్తోని పెడితే మేం తినం," అంది వరంగల్ పిల్ల.

ఒళ్లు మండిపోయింది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను కూడా. ఉడికిస్తే రుచి, ఉడికించకపోతే పాపమా?

మర్నాడు హాల్ నడిమధ్య బేసిన్ పెట్టుకుని నలుగురికీ సరిపడా కలిపాను. ఎవర్నీ పిలవలేదు. ముద్ద మీద ముద్ద తింటూ కూర్చున్నాను. వరంగల్ పిల్ల మంచినీళ్ల వంకతో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి నా ఎదురుగా కూలబడింది.

"చెయ్యి కడుక్కున్నవా?"

"లేదు. నిన్నటి చెయ్యే. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నా. కావాలంటే పట్టు, లేకపోతే లే."

నిజానికి మూడుసార్లు కడుక్కున్నాను. కానీ ఆ మాటంటే తప్పు ఒప్పుకున్నట్టే.

ఆమె నా వేళ్ల వంక కాసేపు చూసి అరచెయ్యి చాపింది. పెద్ద ముద్దే పెట్టాను.