రెండేళ్లు నిండకుండానే పోయిన మూలపురుషుడు

2003 మార్చి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో వంశచరిత్రలు వెతికిపెట్టే ఒక చిన్న ఆఫీసులో నేను రికార్డ్ సెర్చర్‌ని. పాత రిజిస్టర్లు చదివి ఎవరు ఎవరి బిడ్డో ఆధారాలతో తేల్చడం మా పని. అప్పటికి పదకొండేళ్ల అనుభవం. నా రిపోర్టులో తప్పుందని ఒక్కరూ అనలేదు.

ఆ నెలలో ఎలెన్ అనే టీచరు వచ్చింది. ఆమె తండ్రి జార్జి అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుడిగా వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి ఉండిపోయాడు. వయసు ఎనభై ఏడు, గుండె జబ్బు. జర్మనీ నుంచి వెళ్లి అక్కడ మొదట స్థిరపడిన తమ మూలపురుషుడు యోహాన్ గేయోర్గ్ పక్కన, కుటుంబ శ్మశానంలో తన అస్థికలు ఉంచాలని ఆయన కోరిక. చోటు కూడా అడిగి పెట్టుకున్నాడు.

"ఆ పెద్దాయన మా ఇంటి బైబిల్లో రాసినవాళ్ల బిడ్డేనని రూఢి చేసుకుని వెళ్లాలని నాన్న ఆశ. త్వరగా చూడగలరా?" అంది ఎలెన్.

ప్యాసింజర్ లిస్ట్, అంటే ఓడ ఎక్కినవాళ్ల జాబితా, దొరికింది. 1738 సెప్టెంబరు, వయసు ఇరవై అయిదు. తీసివేస్తే 1713. జర్మనీలో వాళ్ల ఊరి చర్చి రిజిస్టర్ల పేజీల ఫోటోలున్న మైక్రోఫిల్మ్ రీళ్లు తెప్పించాను. అతని పేరుతో బాప్టిజం 1711 మార్చిలో ఉంది. తల్లిదండ్రుల పేర్లు ఎలెన్ వాళ్ల ఇంటి బైబిల్లో రాసి ఉన్నవే. రెండేళ్ల తేడా వచ్చింది. ఆ రోజుల్లో వయసు ఉజ్జాయింపుగా చెప్పేవారని సరిపెట్టుకున్నాను.

తర్వాతి రీలులో ఖననాలు ఉన్నాయి. 1713 జనవరిలో అదే పేరు, అదే తల్లిదండ్రులు. వయసు ఏడాది పది నెలలు.

పిల్లాడు పోయాడు. ఇక ఓడ ఎక్కిందెవరు? ఆ శ్మశానంలో ఉన్నవాడు అదే పేరున్న వేరే ఇంటివాడెవడో అయి ఉండాలి. అలాగే రిపోర్టు రాసి పంపాను.

రెండు వారాలకు ఎలెన్ ఫోన్ చేసింది. "మన ఇంటివాడు కాదట అని మాత్రం చెప్పాను. నాన్న ఆ చోటు వద్దని ఉత్తరం రాసేశారు. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య నేనెందుకు అంటున్నారు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు."

కాగితాలు తీసుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. జార్జి కళ్లజోడు పెట్టుకుని ఖననం పేజీ చూశాడు.

"అయితే ఈ పిల్లాణ్ణి పాతిపెట్టింది నువ్వేనన్నమాట!"

"రిజిస్టర్‌లో ఉన్నదే రాశానండీ."

"మరి వీడి తర్వాత పుట్టినవాడి పేరేమిటి?"

"చూడలేదు."

"నాకంటే ముందు ఒక జార్జి ఉండేవాడమ్మా. పదకొండు నెలలకే పోయాడు. వాడి పేరే నాకు పెట్టారు. మా నాన్నమ్మా అంతే చేసింది. మా వాళ్లలో పాత అలవాటు."

ఎలెన్ ఆయన వైపు తిరిగింది. "నాన్నా! ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పారా?"

"నువ్వు అడిగితేగా!"

మా ఇంట్లో పద్ధతి వేరు. మా అమ్మమ్మకు ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన మా మేనమామ పేరు పెంటయ్య. మృత్యువు కన్ను పడకూడదని పెట్టిన పేరు. పోయిన బిడ్డల పేర్లు ఆ ఇంట్లో పైకి పలికిన వాళ్లు లేరు. ఆ పేరే మళ్లీ పెట్టి, రోజుకు పదిసార్లు పిలిచే తల్లి ఉంటుందని నా ఊహకైనా రాలేదు. అందుకే ఖననం కనబడగానే రీలు చుట్టేశాను.

మర్నాడు ఆఫీసు తెరవగానే బాప్టిజాల రీలు ఎక్కించాను. 1713 మే. యోహాన్ గేయోర్గ్. అదే తండ్రి, అదే తల్లి. జనవరిలో ఒకణ్ణి పూడ్చినప్పుడు రెండోవాడు ఆమె కడుపులో ఉన్నాడు.

ఎలెన్‌కు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆమె ఏడుస్తుంటే వెనకనుంచి జార్జి అరుపు వినబడింది. "ఆ చోటు ఇంకా ఉందేమో అడగవే, తర్వాత ఏడుద్దువుగానీ!"

ఇంటికి వెళ్తే మా ఆయన నా మొహం చూసి, "ఏంటి అట్లా ఉన్నావ్? తీసివేత తప్పిందా?" అన్నారు.

"తీసివేత సరిగ్గానే చేశానండీ. వచ్చిన జవాబునే నమ్మలేదు, అంతే."

చోటు ఇంకా ఉంది. 2005లో జార్జి పోయాక ఎలెన్ ఆయన అస్థికలు అక్కడికి తీసుకెళ్లింది.

అప్పటినుంచి ఏ కేసు వచ్చినా, మీ ఇంట్లో పిల్లలకు పేర్లు ఎలా పెడతారని ముందు ఆ ఇంటి పెద్దవాళ్లను అడిగేదాన్ని. 2008లో ఉద్యోగం మానేసేదాకా, పసిపిల్లాడి ఖననం కనబడిన ప్రతిసారీ, ఆ తల్లి ఖననం వచ్చేవరకు రిజిస్టరు మూయలేదు.