బాయిలర్ అక్కర్లేదన్న లెక్క

బేగంపేటలో మా ఆఫీసు చేసే పని ఒక్కముక్కలో చెప్పాలంటే, ఫ్యాక్టరీల్లో వేడిచేసే యంత్రాలూ చల్లబరిచే యంత్రాలూ ఎంత కరెంటు, ఎంత ఇంధనం తింటాయో కంప్యూటర్‌లో లెక్క కట్టడం. దాన్ని మోడల్ అంటాం. చుట్టాలు మాత్రం నేను ఏసీలు రిపేరు చేస్తాననుకుంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

సైనిక్‌పురి అవతల ఉన్న ఒక డెయిరీ మాకు పని ఇచ్చింది. మా అన్న అక్కడే బాయిలర్ ఆపరేటర్. ఈ పని వేరేవాళ్ళకు అప్పగిస్తాడేమోనన్న ఆశతో మా సార్‌కు ముందే ఆ సంగతి చెప్పాను. "ఇంకా మంచిదే కదమ్మా, డేటా తొందరగా వస్తుంది," అన్నాడు. మహానుభావుడు.

డెయిరీలో పాలను ఊకతో మండే బాయిలర్ ఆవిరితో కాస్తారు, ఆ పక్కనే చిల్లర్‌తో చల్లారుస్తారు. చల్లార్చేటప్పుడు వృథాగా పోయే వేడిని పట్టి, మళ్ళీ కాచడానికే వాడే యంత్రం హీట్ పంప్. అది పెడితే బాయిలర్ లేకుండా గడుస్తుందా అని యాజమాన్యం అడిగింది. గడుస్తుందని తేలితే అన్న ఉద్యోగం పోతుంది. నాకూ తెలుసు, అన్నకూ తెలుసు. నేరేడ్‌మెట్‌లో ఒకే ఇంట్లో ఉంటాం. అయినా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం పూట కొంత ఆవిరి ఎటు పోతోందో మోడల్‌లో తేలలేదు. పైపు ఎక్కడైనా కారుతోందా అని అన్నను అడిగాను.

"లీక్ ఏందే, అవి మా తానాలు," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "డ్యూటీ దిగేముందు డ్రమ్ములల్ల నీళ్ళకు ఆవిరి పెడ్తం. అందరం పోస్కొని వస్తం. గా ఊకదుమ్ముతోని వస్తే మీ వదిన ఇంట్లకు రానిస్తదా?"

వదిన నవ్వింది. నేనూ నవ్వినట్టే ఉన్నాను. మర్నాడు ఆ స్నానాలను 'నష్టాలు' అన్న వరుసలో వేశాను. మోడల్‌లో వాటికి వేరే చోటు లేదు. దాంతో లెక్క సరిపోయింది. ఎటు తిప్పి చూసినా బాయిలర్ దండగ అనే వచ్చింది. బాధ వేయాలి కదా, వేయలేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. రిపోర్టు పంపేసి టీ తాగాను.

హీట్ పంప్ బిగించారు. ట్రయల్ రోజు నేనూ వెళ్ళాను. బాయిలర్ ఆపేసి, కొత్త యంత్రంతోనే పాలు కాచి చూడాలి. తేడా వస్తే బాయిలర్ ఉంటుంది, అన్నా ఉంటాడు. తేడా రాలేదు. పాలు మేం చెప్పిన వేడికే కాగాయి. మేనేజర్ నాతో చేయి కలిపి, "ఇంక బాయిలర్ వెలిగించొద్దని మీ అన్నకు మీరే చెప్పండి మేడమ్, మీవాళ్ళే కదా," అన్నాడు. ఛీ, ఆ ఒక్క మాట కూడా చెప్పలేని మనిషి మేనేజరట! అలా అనుకుంటూనే బాయిలర్ గదికి నడిచాను.

అన్నా, బాయిలర్‌లోకి ఊక ఎత్తిపోసే పెద్దాయనా గోడనానుకుని కూర్చున్నారు. నన్ను చూసి అన్న లేచాడు.

"మల్ల షురూ చెయ్యాల్నా?"

"వద్దన్నా."

"రేపు పొద్దుగాలనా?"

"రేపు సుత వద్దు. ఇంక వద్దు."

అన్న బాయిలర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"పాలు మంచిగనే కాగినయా?"

"కాగినయ్."

"లెక్క నువ్వే చేసినవా, మీ సార్ చేసిండా?"

"నేనే."

అన్న ఆ పెద్దాయన వైపు తిరిగాడు. "చూసినవా కాకా? మా చెల్లె లెక్క తప్పదని నేను అప్పుడే చెప్పలే?"

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే గర్వపడుతున్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని.