వెనక వసారాలో మూడు దూలాలు

పోయిన మంగళవారం పొద్దున మా చిన్నవాడి కూతురు నా మంచం మీదే బాసింపట్టు వేసుకొని కూర్చొని, ఫోను ఒళ్ళో పెట్టుకొని, ఆదివారం ఇంటిల్లిపాదీ పెన్‌పహాడ్ అవతలి పాత గడికి వెళ్ళే ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఎవరో ఆ గడిని కొనుక్కొని, బాగుచేయించి, ఈతకొలను కట్టించి, పొద్దున ఫలహారం నుంచి సాయంత్రం చాయ్ దాకా అన్నీ తామే పెట్టేలా తయారుచేశారట. పెళ్ళికి ముందే ఫొటోలు దిగే జంటలు కూడా ఇప్పుడు అక్కడికే వస్తున్నారట. సూర్యాపేట నుంచి మా పెద్దవాడి కుటుంబం, కోదాడ నుంచి మా మేనల్లుడి కుటుంబం, మిర్యాలగూడ నుంచి మేము, ఎవరు ఏ కారులో ఎక్కాలో అంతా వేలి కొసన నడిపిస్తూ, మధ్యలో తలెత్తి, "తాతా, నువ్వెప్పుడన్న చూసినవా గా గడి?" అని అడిగింది. చూసిన అన్నాను. "సూపర్ తాతా" అని మళ్ళీ ఫోనులో పడింది. ఇంకొక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణే. అడగలేదు, నేనూ చెప్పలేదు. నిండా మనుషులున్న ఇంట్లో కూర్చొని ఆ పూటంతా నాకేమీ తోచలేదు.

నా ఈడువాళ్ళకు గడి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఊరి దొర ఉండే పెద్ద భవంతి, చుట్టూ ఎత్తు గోడ, ముందు ఏనుగు పట్టేంత దర్వాజ. ఆ దర్వాజ దొరలకూ వాళ్ళ చుట్టాలకూ. పనిచేసేవాళ్ళంతా గోడ వెంట చుట్టూ తిరిగి వెనక ఉన్న చిన్న దర్వాజలోంచి వంగి పోవాల్సిందే. మా అమ్మ పెళ్ళయి వచ్చిన నాటినుంచి పదేళ్ళు ఆ వెనక దర్వాజలోంచే పోయి ఆ ఇంటి వడ్లు దంచింది, బియ్యం చెరిగింది, రాళ్ళు ఏరింది. నాకు నాలుగో ఏడు రాగానే మా నాయన మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరి మమ్మల్ని తీసుకొచ్చేశాడు కాబట్టి గడి నాకు గుర్తే లేదు. నాకంటే ఐదేళ్ళు పెద్దదైన మా అక్కకు మాత్రం అంతా గుర్తు.

నేను చదువుకొని త్రిపురారంలో పంతులుగా చేరిన తొలి ఏడు, కార్తీక మాసంలో, మా వాళ్ళందరినీ ఆ గడికి తీసుకువెళ్ళాలని నాకు పుట్టింది. అప్పటికి దొరలు పట్నం చేరి చాలా ఏళ్ళయింది. ఒక ముసలి కావలిమనిషి తాళాలు పట్టుకొని ఉండేవాడు. బడిలో పాఠాలకు పథకం రాసుకున్నట్టే నెల ముందునుంచి రాసుకున్నాను, ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఎవరి ఎడ్లబండి, పులిహోర ఎవరు వండాలి, గారెలు ఎవరు, చివరికి మా బావకు చుట్టలతో సహా. పదేళ్ళు దొడ్డిదారిన నడిచిన మా అమ్మను ముందు దర్వాజలోంచి నా చేత్తో లోపలికి తీసుకుపోతానని అందరికీ చెప్పుకున్నాను. అమ్మ కోసమే అన్నాను గానీ, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు, అదంతా నా గొప్ప కోసమే. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, కాలు నేల మీద నిలవని వయసు.

బండి దిగాం. నా ఉత్తరం ముందే అందిన కావలిమనిషి "రాండ్రి సారూ" అని పెద్ద దర్వాజ తెరిచాడు. అబ్బో, ఆ సారూ అన్న పిలుపుకు నా ఛాతీ ఎంత పొంగిందో! వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు. గోడ వెంట, కొంగు నడుముకు చెక్కుకొని, తనకు తెలిసిన దారినే చకచకా వెనక్కి పోతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "యాడికే అమ్మా? దొరలు పోయిన్రు, ఇంకా గీ దొడ్డిదారి ఖర్మ మనకేంది?" అని నాయన ముందు, బావ ముందు గట్టిగా అరిచాను. అమ్మ నవ్వి, "గట్ల కాదు బిడ్డా, జర నాతోని రా, నీకొకటి సూపిస్త" అంది. చూపించేదేదో ముందు నుంచి వచ్చి చూపించమని చెయ్యి వదలకుండా లాక్కొచ్చాను. నా వెంట వచ్చింది.

లోపల స్తంభాల గురించి బావకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ముందు హాలు నుంచి వెనక భాగానికి పోయే తలుపుకు తాళం ఉంది, తాళంచెవి పట్నంలో దొరల దగ్గరే ఉండిపోయిందట. దాంతో అటు ఎవరమూ పోలేదు. అరుగు మీద కూర్చొని తిన్నాం, నాయన కునుకు తీశాడు, అమ్మ మాటిమాటికీ ఆ తలుపు వైపే చూసింది. ఎండ వాలి గిన్నెలు మూట కట్టేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "బయటి నుంచి జరంత ఎనకకు పోయొద్దామా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. బస్సు పోతది, అన్నాను. "సరే తియ్, ఇంకోపారి సూద్దాం" అంది. ఆ ఇంకోపారి రాలేదు. రెండేళ్ళు తిరక్కుండానే, నా పెళ్ళి కూడా చూడకుండా, జ్వరంతో పోయింది.

పెద్దకర్మ నాడు చుట్టాలంతా వెళ్ళిపోయాక పెరట్లో గిన్నెలు తోముతూ అక్క చెప్పింది. "నువ్వు సంటిపిల్లగానివి ఉన్నప్పుడు ఆ వెనక వసారాల దూలానికే నీ తొట్టెల కట్టేది రా అమ్మ. తాడు కాలి బొటనేలికి కట్టుకొని, కాలు ఊపుకుంట బియ్యం చెరిగేది. తాడు జారితే నేను ఊపేదాన్ని. నీకు ఉద్యోగం వచ్చిన కాడ్నుంచి ఆ దూలం నీకు చూపియ్యాలని నాతోని ఎన్నిసార్లు అన్నదో." మరి ఆరోజే చెప్పొచ్చు కదా అని నేను గింజుకుంటే, "నువ్వు చెప్పనిచ్చినవా? అందరి ముందల అంత లావున అరిస్తివి" అని ముక్కు చీదుకుంది.

అక్కను తీసుకొని మళ్ళీ వెళ్ళాలనుకున్నాను. ఏటా కార్తీకంలో అనుకునేవాళ్ళం. నాకు బదిలీలు, తనకు పొలం, నాట్లు, కోతలు, పిల్లల పెళ్ళిళ్ళు. ఆంధ్ర అంచున ఉన్న కోదాడలో కాపురముండి సగం అటూ సగం ఇటూ అయిన మాటతో, "ఎళ్దాంలేరా, ఈ పంట ఇంటికొచ్చినాక ఎళ్దాం" అనేది ఫోనులో. ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. నలభై ఏళ్ళు అలా గడిచిపోయాయి. అక్క పోయి మూడేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు మా ఆవిడ పోయింది. ఆమెకు అత్తగారి ముఖమే తెలియదు.

నిన్న ఆదివారం వెళ్ళాం, పదహారు మందిమి, నాలుగు కార్లలో. చిత్రమేమిటంటే, కార్లు నిలిపే చోటు గడి వెనక పెట్టారు. ఆ చిన్న దర్వాజను వెడల్పు చేసి, పైన పూలతీగ పాకించారు, వచ్చినవాళ్ళంతా అందులోంచే లోపలికి పోతున్నారు. మా పిల్లలూ నవ్వుకుంటూ, సెల్ఫీలు దిగుతూ అందులోంచే పోయారు. ఆపేవాళ్ళు లేరు, చుట్టూ తిరిగి రమ్మనేవాళ్ళు లేరు, తలుపులకు తాళాలు లేవు. వాళ్ళకు ఆ భయం తెలియకపోవడం మంచిదే, నాకు సంతోషమే. కానీ ఆ దర్వాజలోంచి పోతుంటే చెయ్యి పట్టుకోవడానికి నా పక్కన ఎవరూ లేరు.

వెనక వసారా అలాగే ఉంది. కింద భోజనాల బల్లలు వేశారు, పైన దూలాలకు మెరుగు పెట్టారు. మూడు దూలాలు. మూడింటికీ ఇనుప కొక్కేలున్నాయి. దూలం అని చెప్పింది గానీ ఏ దూలమో అక్క చెప్పలేదు, నేను అడగలేదు. ఎప్పుడో కలిసి వెళ్ళి చూస్తాం కదా అనే ధీమా. ఒక్కోదాని కింద కాసేపు నిలబడ్డాను. ఏదీ నాకేమీ చెప్పలేదు.

మనుమరాలు వెతుక్కుంటూ వచ్చి, "ఈడ ఒక్కనివే ఏం చేస్తున్నవ్ తాతా?" అంది. మా అమ్మ ఇక్కడ పనిచేసిందనీ, నా తొట్టెల ఇక్కడే కట్టేదనీ అప్పుడు చెప్పాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుంది. "నిజమా? మాకు ఎన్నడూ చెప్పలే! ఏ దూలం తాతా?" నాకు తెలియదు అనడానికి నోరు రాలేదు. నడిమిది చూపించాను. నన్ను దాని కింద నిలబెట్టి ఫొటో తీసి, 'తాత తొట్టెల కట్టింది గీ దూలానికే' అని రాసి మా ఇంటి గ్రూపులో పెట్టింది. నిమిషంలో అందరూ గుండె బొమ్మలు పెట్టారు. అది కాదురా, ఆ పక్కది అని నన్ను దిద్దగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కరూ లేరు.