కొల్లేరులో పడిపోయిన వారం

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం అయిందంటే చాలు, చిరిగిన వలలన్నీ మా అరుగు మీదకి చేరేవి. కొల్లేరు మధ్యలో లంక ఊరు మాది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఐదారుగురు వలలు కుట్టుకుంటూ కూర్చునేవారు... నేను మధ్యలో చేరి వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేదాన్ని.

నాకప్పుడు పదేళ్లు. ఆ అరుగు మీద చదువొచ్చింది నాకొక్కదానికే. నా గీర అంతా ఇంతా కాదు. మంచి పట్టులో చదవడం ఆపి "దాహం" అనేదాన్ని... ఎవరో ఒకరు లేచి నీళ్లు తెచ్చిచ్చేవారు.

ఒక్కటే కట్టడి. నాన్న ఏలూరులో చేపలు అమ్మి, వస్తూ పత్రిక కొనుక్కొచ్చేవాడు. అందరూ చేరేదాకా అది చూరులో ఉండాల్సిందే. నేను కూడా ముందుగా విప్పకూడదు. ఆ కట్టడి పెట్టింది మా రత్నమ్మత్త, నాన్న చెల్లెలు. పుట్టిందీ మెట్టిందీ ఆ లంకలోనే. అప్పటికింకా రైలు కూడా చూడలేదు. సీరియల్లో సుమతి అనే అమ్మాయంటే మాత్రం అత్తకి ప్రాణం. "ఆ పిల్ల ఏమైందో పాపం" అని వారమంతా పొయ్యి దగ్గర కూడా దిగులుపడేది.

ఓ శనివారం నాన్నతో నేనూ ఏలూరు వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు దోనెలో పత్రిక నా ఒళ్లోనే ఉంది. నాన్న అటు తిరిగి గెడతో దోనె నెడుతున్నాడు. పోయిన వారమే సుమతి ఇంట్లో చెప్పకుండా రైలెక్కేసింది మరి... ఉండబట్టలేక విప్పాను. సగం పేజీ చదివానో లేదో దోనె ఒరిగింది, పత్రిక నీళ్లలో పడింది. గబుక్కున తీశాను కానీ సీరియల్ పేజీలు అంటుకుపోయాయి. విడదీయబోతే ముద్దగా చేతికొచ్చేశాయి.

కట్టడి తప్పానని అత్తకి ఎలా చెప్పను? దోనెలోకి నీళ్లు చిమ్మాయని చెప్పి, తడి పత్రిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. చదివిన సగం పేజీ అప్పజెప్పాను. ఆ తర్వాత...? సుమతిని ఎక్కడో ఒకచోట దింపాలి. నాకు తెలిసిన స్టేషను ఒక్కటే. ఏలూరులో దింపేశాను. దింపాక ఏం చేయాలో తోచక బస్సెక్కించి, దోనె ఎక్కించి, మా లంకకే తీసుకొచ్చేశాను. ఓ ఇంట్లో కొర్రమీను పులుసుతో అన్నం పెట్టించి, ఆ ఇంటావిడ చేత నాలుగు ధైర్యం మాటలు చెప్పించి, మళ్లీ రైలెక్కించాను.

అరుగు మీద ఒక్కరి చెయ్యీ కదల్లేదు.

"మన కొల్లేరేనటే?" అంది అత్త. "అయితే ఆ రాసినావిడకి మన ఊరు తెలుసన్నమాట..."

తర్వాతి వారాల్లో సుమతి మా ఊరి ఊసే ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? అత్త మొహం చిన్నబోయేది. చూడలేక, అప్పుడప్పుడు "లంకలో తిన్న పులుసు సుమతికి గుర్తొచ్చింది" అని నేనే ఓ ముక్క కలిపి చదివేదాన్ని. పెద్దయ్యాక కూడా అసలు సంగతి చెప్పలేకపోయాను... అత్త అప్పటికే మనవలకు చెప్పేస్తోంది, మన ఊరు పుస్తకంలో పడిందని.

నేనిప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. పోయిన నెల అత్త మా ఇంటికొచ్చింది. మా అమ్మాయి ఫోనులో ఏదో వెతికి, "మామ్మా, మీ సుమతి దొరికింది" అంది. ఎవరో మహానుభావులు ఆ పాత పత్రికలన్నీ పేజీ పేజీ ఫొటోలు తీసి పెట్టారట. ఏ వారం కావాలంటే ఆ వారం... ఫోనే చదివి వినిపిస్తుందట.

చార్జింగు లేదని ఫోను లాక్కోబోయాను. అత్త వింటేనా.

ఫోను ఎక్కడా తడబడకుండా చదువుకుపోయింది. సుమతి ఏలూరులో దిగలేదు. తిన్నగా మద్రాసు వెళ్లి స్నేహితురాలి ఇంట్లో చేరింది.

"ఇదేదో మధ్యలో వదిలేసిందమ్మా, ఇంకోసారి పెట్టు" అంది అత్త. మా అమ్మాయి మళ్లీ పెట్టింది. మళ్లీ మద్రాసే.

ఇక దాచలేక అంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"ఎక్కడో ఉన్నావిడకి మన ఊరు తెలుసని ఎంత మురిసిపోయానే..." అంది అత్త. నేను తలెత్తలేకపోయాను.

ఇప్పుడు ఏ వారమూ పోదు. నీళ్లలో పడదు, చెదలు పట్టదు... మంచిదే. నేనూ ఫోనులోనే చదువుతాను, చెవిలో పెట్టుకుని ఒక్కదాన్నే వింటాను. కానీ వినేవాళ్లలో ఎవరి మొహం చిన్నబోయిందో అది చూడదు కదా... దాని పాటికి అది చదువుకుపోతుంది.

మర్నాడు బస్సెక్కబోతూ అత్త ఆగి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా... ఆ ఫోనులో మన వారం కూడా ఎక్కించడం కుదురుద్దా?"

అందుకే ఇక్కడ రాశాను, అత్తా.

పుస్తకంలో లేనిది మీరూ ఎవరి కోసమైనా చదివే ఉంటారు... కింద రాసి పెట్టండి. అవి ఎవరూ ఫొటో తీసి దాచినవి కావు.